రెండో బ్రేకు

పదిహేనేళ్ళ తర్వాత మా నాన్న నాతో అన్న మొదటి మాట, "అద్దం సరిచేసుకోవాలి."

సరిచేసుకున్నాను.

"బెల్టు."

పెట్టుకున్నాను.

"ఇంతకుముందు టెస్టుకి వెళ్ళడం ఎన్నిసార్లు జరిగింది?"

చూశారా ఆ మాట తీరు? నువ్వూ లేదు, మీరూ లేదు. కన్నకూతుర్ని ఏమని పిలవాలో తేల్చుకోలేక వార్తలు చదివే మనిషిలా మాట్లాడుతున్నాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "రెండుసార్లు, మాస్టారూ," అన్నాను. ఊళ్ళో సగం మంది ఆయన్ని అలాగే పిలుస్తారు. చాటున పిలుచుకునే పేరు బ్రేకు మాస్టారు. ముప్పై ఏళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నా ఆయన బండికి గీత కూడా పడలేదని ఆ పేరు.

"రెండుసార్లూ పోయిందా?"

"పాసైతే ఇక్కడెందుకుంటాను?"

ఆయన పోనిమ్మన్నట్టు ముందుకి చెయ్యి చూపించాడు. పోనిచ్చాను. బండి రెండు గంతులేసి ఆయన షెడ్డు గేటు దగ్గరే ఆగిపోయింది.

నా తొందరేమిటో ముందు చెప్పేస్తాను. నేను ల్యాబు టెక్నీషియన్ని. ఐదేళ్ళుగా ఒక ఆసుపత్రి నేలమాళిగలో, కిటికీ లేని గదిలో, జనాల చేతుల్లోంచి రక్తం తీస్తున్నాను. నాకసలు కాలు ఒకచోట నిలవదు. స్కూల్లో బెంచీ మీద కూర్చుంటే బెంచీ ఊగేది, పక్కపిల్ల తిట్టేది. అలాంటిదాన్ని తెచ్చి గదిలో కూర్చోబెట్టారు. పోయిన నెల ఒక ఉద్యోగం వచ్చింది. రక్తపరీక్షల వ్యాను. నూట ఇరవై కిలోమీటర్ల అవతల, కొండవైపు ఊళ్ళన్నీ తిరగాలి. వ్యానులో ఇంకెవరూ ఉండరు, టెక్నీషియనే నడుపుకోవాలి. ఒకటో తారీఖున చేరాలి. దానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, నా మూడో టెస్టు. అది కూడా పోతే మళ్ళీ మూడు నెలలదాకా టెస్టు పెట్టరు. ఉద్యోగం జాబితాలో నా తర్వాతి పేరున్న మనిషికి వెళ్ళిపోతుంది. ఆ మహానుభావుడికి లారీ లైసెన్సు కూడా ఉందట.

ఊళ్ళో మిగతా స్కూళ్ళన్నీ నెలాఖరుదాకా ఖాళీ లేదన్నాయి. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఒక చొక్కా కాలరు మీంచి తల ఎత్తకుండానే, "మీ నాన్న దగ్గరికి పో. రెండుసార్లు తప్పినవాళ్ళని ఆయన కాదనడు," అంది.

"నువ్వేనా ఈ మాట అంటోంది?"

"డ్రైవింగ్ బాగా నేర్పుతాడని అన్నాను. మొగుడిగా మంచివాడని అనలేదు," అని చొక్కా తిప్పింది.

అమ్మ నన్ను తీసుకుని వచ్చేసినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆయన తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు, ఇంకో సంసారమూ లేదు. అందుకే ఎందుకొచ్చేశారని ఎవరైనా అడిగితే అమ్మ దగ్గర గబుక్కున చెప్పే జవాబు ఉండేది కాదు. ఆయనకి భయం. ఆయనకి ఏదో అవుతుందని కాదు, మాకు ఏదో అవుతుందని. అమ్మ స్టవ్వు వెలిగిస్తే వెనకే నిలబడేవాడు. బజారుకెళ్తే వెనకే వచ్చేవాడు. లాండ్రీలో పని దొరికిందంటే ఆ రోడ్డు మంచిది కాదని మాన్పించాడు. తర్వాత ఇంకో పని, అదీ మాన్పించాడు. మూడో పని దొరికిన రోజున అమ్మ చెప్పకుండా సర్దుకుంది.

మొదట్లో ఆదివారాలు వచ్చేవాడు. సందు చివర ఖాళీ స్థలంలో నాకు సైకిలు నేర్పేవాడు. నేర్పడమంటే, సీటు వెనక పట్టుకుని పరిగెత్తడం. మూడు నెలలపాటు ఒక్కసారి కూడా వదల్లేదు. నా ఈడు పిల్లలు చేతులు వదిలేసి తొక్కుతుంటే నేను వెనక తండ్రిని తగిలించుకుని తిరిగేదాన్ని. "రైలుపెట్టె వచ్చింది రోయ్" అని అరిచేవాళ్ళు. ఒక ఆదివారం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సైకిలు కింద పడేసి, అందరి ముందూ, "నువ్వింక రావద్దు. ఎప్పుడూ రావద్దు," అని అరిచాను. వెళ్ళిపోయాడు. పై ఆదివారం నేను బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చున్నాను. రాలేదు. ఆపై ఆదివారం కూడా కూర్చున్నాను. తర్వాత బూట్లు బిగుతయ్యాయి.

నాకు సైకిలు ఇప్పటికీ రాదు.

ఊరు మరీ పెద్దదేం కాదు. ఆయన కారు నాకు చాలాసార్లు ఎదురైంది. పైన పసుపు బోర్డు, పక్కన ఆయన, స్టీరింగ్ ముందు ఎవరో ఒకరు. బస్సు కిటికీలోంచి ఆ ఎవరో ఒకరిని చూసి పళ్ళు నూరుకునేదాన్ని. ఒకసారి నా వయసు పిల్లే కనబడింది, ఆయనేదో అంటే నవ్వుతోంది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడా సీట్లో నేనున్నాను. నవ్వేంత మాటలు మాత్రం ఆయనేమీ అనడంలేదు. రోజూ పొద్దున ఏడింటికి గంటసేపు, డిపో రోడ్డు, బజారు, వంతెన, నీళ్ళ ట్యాంకు పక్కన ఎత్తు, మళ్ళీ షెడ్డు. కారులో ఆ గంటా ఇవే మాటలు: "గేరు." "అద్దం." "ముందు లారీ." "లారీ వెనక ఏముంటుంది?" "స్కూటరు ఉండొచ్చు." "ఉండొచ్చు కాదు, ఉందనే అనుకోవాలి." ఆయన లోకంలో ప్రతి లారీ వెనకా ఒక స్కూటరు, ప్రతి తలుపు వెనకా ఒక పిల్లవాడు, ప్రతి కుక్కకీ చావాలని కోరిక. ఆయన పక్కన కూర్చుంటే ఊరంతా నా బండి కింద పడడానికే పొద్దున్నే లేచిందేమో అనిపించేది.

నేర్పే కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నడిపేవాళ్ళ కాలి కింద, ఒకటి నేర్పేవాళ్ళ కాలి కింద. రెండింటినీ అడుగున ఒక తీగ కలుపుతుంది. ఏది తొక్కినా బండి ఆగుతుంది, ఒకటి దిగితే రెండోదీ దిగుతుంది. నా రెండో టెస్టు పోయింది బ్రేకు దగ్గరే. రోడ్డు దాటే తెల్ల చారల దగ్గర ఒక ముసలాయన దిగాడు, నేను చూశాను, చూసి కూడా కాలు ఆలస్యంగా వేశాను. పక్కనున్న ఆఫీసరు తన పెడల్ తొక్కి, కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు.

అలాంటిది ఈ కారులో ఎక్కిన నాలుగో రోజుకే నా కాలికి బుద్ధొచ్చింది. ఆటో అడ్డం వస్తే ఆగాను. బజారులో తోపుడుబండి వెనక్కి జరిగితే ఆగాను. పెడల్ కూడా ఎంత మెత్తగా ఉందో, కాలు ఆనిస్తే చాలు దిగిపోతోంది. ఇంతకుముందు వెళ్ళిన స్కూలు కారు తుప్పుపట్టిన డొక్కు, దాంట్లో నేర్చుకోబట్టే పోయాయి ఆ రెండు టెస్టులూ అని తేల్చుకున్నాను. వారం తిరిగేసరికి గాల్లో తేలుతున్నాను. ఇంటికొచ్చి అమ్మతో, "నేర్పడం తెలుసు ఆయనకి, ఒప్పుకోవాలి," అన్నాను. అమ్మ నావైపు అదోలా చూసింది. ఏదో అనబోయి, మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

బుధవారం బండిని వర్క్‌షాపుకి పోనిమ్మన్నాడు. బ్రేకులు చూపించాలట. నేనే నడిపాను. ఆయన దిగి, ఆవరణ అటువైపు టైర్లలో గాలి పట్టే మనిషి దగ్గరికి వెళ్ళాడు. మెకానిక్కు వచ్చి కారులో తల దూర్చాడు. గ్రీజు పట్టిన బనీను, చెవి మీద పెన్సిలు, ఆగకుండా వాగే నోరు.

"కొత్త స్టూడెంటా అమ్మా?"

"ఊఁ."

"మాస్టారి దగ్గర నేర్చుకుంటే భయమే లేదు. అరే, ఇదేంటిది?" మాస్టారి పెడల్ మీది రబ్బరు ఊడబెరికి నా ముందు పెట్టాడు. గీతలన్నీ నున్నగా అరిగిపోయాయి, ఒక అంచు చిరిగి వేలాడుతోంది. "పోయిన నెలేగా వేశాను! ఆరు నెలలు రావాలమ్మా ఇది. మీ వైపుది చూడండి." నా కాళ్ళు జరపమని, నా పెడల్ రబ్బరు కూడా లాగి పక్కన పెట్టాడు. "రెండూ ఒకే రోజు వేశాను. మీదింకా షాపులో ఉన్నట్టే ఉంది." పగలబడి నవ్వాడు. "ఈ నెలలో ఎవరో మహాతల్లి తగిలినట్టుంది ఆయనకి. బండి నడిపింది ఆవిడ, బ్రేకు తొక్కింది ఈయన!"

రెండు రబ్బరు ముక్కలు చేతిలోకి తీసుకున్నాను. ఒకటి మొద్దుగా, కొత్తగా. ఇంకోటి పలచగా, వేలితో ఒత్తితే అవతలికి వచ్చేలా. మెత్తటి పెడల్. కాలు ఆనిస్తే దిగిపోయే పెడల్. నా కాలు వెళ్ళేలోపే అది దిగి ఉంటోంది. నేను తొక్కుతున్నది ఆయన తొక్కేసినదాన్ని.

నాన్న తిరిగొచ్చేసరికి ఆ రెండూ ఆయన సీటు మీద పెట్టాను. ఆయన చూశాడు. కూర్చోలేదు, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మెకానిక్కు మా మొహాలు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి జారుకున్నాడు.

"ఎన్నిసార్లు?" అన్నాను.

"ఏవి?"

"నేను ఆపాననుకున్నవి. అందులో నువ్వు ఆపినవి ఎన్ని?"

నువ్వు అనేశాను. ఎనిమిది రోజులుగా మాస్టారూ మాస్టారూ అని పెట్టుకున్న అడ్డుగోడ ఆ కోపంలో ఎటు పోయిందో తెలియలేదు.

"లెక్కపెట్టలేదమ్మా."

"ఒక్కటైనా నాదుందా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, గుర్తు తెచ్చుకుంటూ. నాకు అంతకన్నా చావు లేదు. "సోమవారం, డిపో దగ్గర. అది నీదే," అన్నాడు చివరికి.

"అందరికీ ఇంతేనా?"

"లేదు. వాళ్ళకి ఐదో రోజు నుంచి కాలు తీసేస్తాను. నీకూ తీసేద్దామనే అనుకున్నాను. రోజూ ఇంట్లో బయల్దేరేటప్పుడే అనుకుంటాను. నువ్వు స్టీరింగ్ పట్టుకోగానే కాలు దానంతటది పోతోంది."

"ఎల్లుండి టెస్టు. అక్కడ నీ కాలుండదు. తెలుసా నీకు? పోతే నేను మళ్ళీ ఆ నేలమాళిగలోకే పోవాలి. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చేశావా!" కారు దిగాను. ఎటు వెళ్ళాలో తెలియక కారు చుట్టూ తిరిగాను, మళ్ళీ ఆయన ముందుకే వచ్చాను. "అమ్మని అడుగు తీసి అడుగు వెయ్యనివ్వలేదు. నన్ను సైకిలు తొక్కనివ్వలేదు. లోకంలో అందరికీ బ్రేకు వేస్తావు. మరి ఆదివారాలు ఎందుకు మానేశావు? అక్కడెందుకు ఆగిపోయావు?"

"నువ్వు రావద్దన్నావు."

అంత మామూలుగా అన్నాడు. లారీ వెనక స్కూటరు ఉంటుంది అన్నంత మామూలుగా.

"రోడ్డు మీద ఎవరైనా చెయ్యి చూపించి ఆపమంటే ఆపాలి," అన్నాడు. "మీ అమ్మ చాలాసార్లు చెయ్యి చూపించింది. నేను చూళ్ళేదు. వెళ్ళిపోయింది. నువ్వు కూడా రావద్దన్నావు. ఈసారైనా వినాలి, ఈ ఒక్కదాన్నైనా వినాలి అనుకున్నాను."

"పన్నెండేళ్ళ పిల్ల అన్న మాటని పదిహేనేళ్ళు వింటావా నువ్వు?" నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. "వినకూడనిది ఉంటే అదొక్కటే! ఆ ఒక్కదానికి అడ్డుపడలేకపోయావా? బూట్లు వేసుకుని కూర్చున్నాను తెలుసా, మెట్ల మీద?"

ఆయన తల దించుకున్నాడు. బూట్ల సంగతి ఆయనకెలా తెలుస్తుంది. నేను నడుచుకుంటూ బస్టాపుకి వచ్చేశాను.

బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాను. కోపం ఒక స్టాపు దాకా బాగానే ఉంది. రెండో స్టాపు దగ్గర ఇంకో సంగతి తగులుకుంది. ఆయన కారు కనబడ్డ ప్రతిసారీ మొహం తిప్పుకున్నది నేనే. చెయ్యి ఊపి ఉంటే? ఒక్కసారి, ఉత్తినే? నేను కూడా చెయ్యి దించలేదు. పదిహేనేళ్ళూ ఎత్తి పట్టుకునే ఉన్నాను. ఆ తండ్రికి ఈ కూతురు, ఎక్కడికి పోతుంది పోలిక!

అమ్మకి చెప్తే ఆశ్చర్యపోలేదు. "అనుమానం వచ్చింది," అంది. "నువ్వు అంత హుషారుగా రాగానే అనుకున్నాను."

"మరి చెప్పవే?"

"చెప్తే మానేసేదానివి." దుప్పటి రెండో కొస నాకందించింది, మడత పెట్టడానికి. "పెళ్ళైన కొత్తలో రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకునేవాడు. ప్రేమనుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ అవతలికి వెళ్ళాక కూడా వదిలేవాడు కాదు. చెయ్యి తిమ్మిరెక్కేది." దుప్పటి మడత మీద మడత పెట్టి తట్టింది. "రేపు ఆయన కాళ్ళు కట్టేసి నడుపు, పో."

వేళాకోళానికి అంది. నాకు మాత్రం అది తిన్నగా పనికొచ్చింది.

గురువారం పొద్దున ఏడుకి పది నిమిషాలుండగానే షెడ్డు దగ్గరున్నాను. నేను రాననుకున్నాడేమో, నన్ను చూసి తాళాలు కింద పడేసుకున్నాడు. కారెక్కాం. అద్దం చూసుకున్నాను, బెల్టు పెట్టుకున్నాను, కానీ బండి తియ్యలేదు.

"కాళ్ళు పైన పెట్టు," అన్నాను.

"ఎక్కడ?"

"సీటు మీద. బాసింపట్టు వేసుకో."

"కారులో బాసింపట్టా? ఎవరైనా చూస్తే..."

"చూడనీ. నువ్వు కాలు కింద పెడితే నేను దిగిపోతాను. టెస్టుకి కూడా వెళ్ళను. మళ్ళీ ఈ ముఖం చూడవు." ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. ఆఖరిది అనకుండా ఉండాల్సింది.

ఆయన బూట్లు విప్పాడు. కుడి మేజోడు అరికాలి దగ్గర పలచబడి చర్మం కనబడుతోంది. మోకాళ్ళు పటపటమంటుంటే, అరవైకి దగ్గరపడ్డ మనిషి, సీటు మీద కాళ్ళు మడిచి పెట్టుకున్నాడు. ఏ కోపమూ లేని రోజైతే నవ్వేదాన్ని.

డిపో రోడ్డు దాటాను. పెడల్ గట్టిగా ఉంది. నిజంగా గట్టిగా, పాత స్కూలు డొక్కు కారుదానిలాగే. ఒంట్లో బలమంతా పెట్టి తొక్కినా కొంచెమే దిగుతుందేమో అనిపించేంత గట్టిగా. మొదటి సిగ్నల్ దగ్గర ఎక్కువ తొక్కాను, ఇద్దరం ముందుకు తూలాం. రెండో దగ్గర తక్కువ తొక్కాను, గీత దాటి ఆగాను. వెనకవాడు హారను కొట్టాడు. చెమటలు పట్టాయి. పక్కన ఒక్క మాట లేదు. గేరు లేదు, అద్దం లేదు, స్కూటరు లేదు. ఆయన ఊపిరి మాత్రం వినబడుతోంది.

బజారు వీధిలోకి తిరిగాను. రెండు లారీల్లోంచి సామాను దించుతున్నారు. ఆ రెండిటి సందులోంచి, ఏ చప్పుడూ లేకుండా, ఒక బీరువా రోడ్డు మీదికి వచ్చింది. ఇద్దరు మోస్తున్నారు, ముందున్నవాడు వెనక్కి నడుస్తున్నాడు, మమ్మల్ని చూడలేదు. బీరువా తలుపుకి నిలువెత్తు అద్దం. అందులో పసుపు బోర్డు కారు ఒకటి తిన్నగా నా మీదికి వస్తోంది. స్టీరింగ్ ముందు నేను. పక్కన మా నాన్న. ఆయన తన కుడిపాదాన్ని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు, పారిపోతుందేమోనన్నట్టు.

తొక్కాను.

టైర్లు కీచుమన్నాయి. అద్దంలో కారు కూడా ఆగింది. మోస్తున్నవాడు అప్పుడు చూసి నోరు వెళ్ళబెట్టాడు. వాడి మోచేతికీ మా బానెట్టుకీ మధ్య ఇంకో మనిషి నిలబడొచ్చు. వాళ్ళు నన్ను తిట్టారు, నేను వాళ్ళని తిట్టాను. బీరువా అవతలికి వెళ్ళిపోయింది.

పక్కకి చూశాను. ఆయన ఇంకా పాదం వదల్లేదు. వేళ్ళు తెల్లబడిపోయాయి.

"కాలు దింపలేదే," అన్నాను.

"దింపుదామన్నా దిగదు," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు, చెమట అన్నట్టు. "తిమ్మిరెక్కింది."

అమ్మ మాట గుర్తొచ్చింది. చెప్పలేదు. "గేరు," అన్నాడాయన కాసేపటికి. గేరు వేశాను. ఆ రోజు గంట కాదు, రెండు గంటలు తిరిగాం. ఆయన కాళ్ళు మడుచుకునే ఉన్నాడు. ట్యాంకు పక్కన ఎత్తు మీద నాలుగుసార్లు ఆపి ఎక్కించాను. దిగేటప్పుడు ఆయన నిలబడలేక తలుపు పట్టుకుంటే, నేను వెళ్ళి జబ్బ పట్టుకున్నాను. ఆయన నిలదొక్కుకోగానే వదిలేశాను.

శుక్రవారం టెస్టు ఆఫీసువాళ్ళ కారులో. ఆఫీసరుకి జలుబు. ఒక చేత్తో ముక్కు, ఒక చేత్తో కాగితం. చారల దగ్గర ఒకామె ఫోను చూసుకుంటూ దిగింది. ఆపాను. ఎత్తు మీద ఆపాను, ఎక్కించాను. చివరికి ఆయన ఎక్కడో సంతకం పెట్టి, "మూడోసారా? ఈసారి ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా నాన్న," అన్నాను. మొదటిసారి నోటివెంట వచ్చింది ఆ మాట. ఆయనకేం తెలుసు, తుమ్మి తర్వాతివాళ్ళని పిలిచాడు.

బయటికొచ్చి గోడ వెంట చూశాను. మిగతావాళ్ళ కోసం అన్నలు, తల్లులు, స్కూలు మాస్టార్లు నిలబడి ఉన్నారు. మా నాన్న లేడు. ఒళ్ళు మండింది. మరుక్షణమే తెలిసింది. నేను రమ్మనలేదు. రమ్మనకపోతే ఈ మనిషి రాడు. పదిహేనేళ్ళయినా రాడు.

బస్సు కోసం ఆగేంత ఓపిక లేక షెడ్డు దాకా సగం నడిచి, సగం పరిగెత్తాను. గేటు దగ్గరికి చేరేసరికి పసుపు బోర్డు కారు లోపలినుంచి బయటికి వస్తోంది. స్టీరింగ్ ముందు ఎవరో బట్టతలాయన, బిక్కచచ్చి ఉన్నాడు. నేను గేటు మధ్యలో నిలబడి చెయ్యి ఎత్తాను.

కారు ఒక కుదుపుతో ఆగింది. ఏ పెడల్ ఆపిందో దేవుడికే తెలియాలి. బట్టతలాయన తల బయటపెట్టి, "ఏంటండీ ఇది!" అన్నాడు.

నేను ఆయన వంక చూడలేదు. ఎత్తిన చెయ్యి తిప్పి, రమ్మని ఊపాను.

నాన్న దిగాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"పాసయ్యాను."

తల ఊపాడు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు.

"ఒకటో తారీఖు పొద్దున ఇక్కడినుంచే వ్యాను తీసుకుని వెళ్తున్నాను. అక్కడినుంచి సాయంత్రం తిరుగు బస్సు ఉంది. నువ్వు రా."

"నేనా?"

"రావద్దన్నది పన్నెండేళ్ళ పిల్ల. ఇప్పుడు నేను రమ్మంటున్నాను. ఆదివారాలు కూడా. నేను మళ్ళీ ఎప్పుడైనా కోపంలో వద్దన్నా సరే, వినకు. ఇదొక్కటి వినకు."

కారులోంచి బట్టతలాయన, "మాస్టారూ, ఎవరండీ ఆవిడ?" అని అడిగాడు.

"మా అమ్మాయి," అన్నాడు నాన్న, వీధి చివరిదాకా వినబడేలా.

ఒకటో తారీఖున ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఏ లాండ్రీలో చేయించుకున్నాడో నేనడగలేదు. వ్యాను వెనకంతా ఫ్రిజ్జు, సీసాలు, సూదుల పెట్టెలు. ముందు రెండు సీట్లు. ఆయన పక్క సీటెక్కి, కూర్చోకముందే కిందికి వంగి చూశాడు. అక్కడ ఉత్త నేల, దాని మీద ఒక రబ్బరు పట్టా.

ఊరు దాటేదాకా ఆయన కుడికాలు ఆ పట్టాని తొక్కుతూనే ఉంది. లారీ వస్తే తొక్కాడు, కుక్క కనబడితే తొక్కాడు, ఏమీ లేనప్పుడు కూడా ఒకసారి తొక్కాడు. పట్టా ముడుచుకుపోయి ముందుకి జరిగిపోయింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. తొక్కుకోనీ, ఆ పట్టాకి ఏ తీగా లేదు.

కొండ ఎక్కడం మొదలయ్యాక మాటలు తగ్గాయి. పైకి చేరి దిగుడు మొదలయ్యేసరికి కాలి చప్పుడు కూడా ఆగిపోయింది. ఏమైందా అని చూశాను. నోరు కొంచెం తెరుచుకుని, తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. బూటు మడమ మీద వాలి పక్కకి ఒరిగి ఉంది.

ముందు మలుపు. అవతల ఏముందో కనబడదు. లారీ ఉందనే అనుకున్నాను, దాని వెనక స్కూటరు ఉందనే అనుకున్నాను. ఆయన లేవకుండా, మెల్లగా బ్రేకు తొక్కాను.